తొమ్మిది నిమిషాలు, నలభై సెకన్లు

శ్రోతలకు నమస్కారం.

2024 ఎన్నికల వేళ విశాఖలో జగదాంబ కూడలి దగ్గర ఒక సెలూన్‌లో నా వంతు కోసం కూర్చున్నాను. గోడ మీది టీవీలో, ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో జరిగిన సభ చూపిస్తున్నారు. పైనుంచి తీసిన దృశ్యంలో ఇసుక కనిపించనంత జనం. కాస్త ఛానల్ మార్చమన్నాను. అదే సభ, అదే వేదిక; ఇక్కడ మాత్రం వెనక వరుసలోని ఖాళీ కుర్చీలు, చెప్పులు చేత పట్టుకుని ఇంటిదారి పట్టిన ఇద్దరు ముసలమ్మలు. రెండూ నిజమే. ‘ఏది ఉంచమంటారు సార్?’ అని కత్తెర ఆపి అడిగాడు సెలూన్ యజమాని.

ఆ రాత్రి చేతిగడియారం ముందు పెట్టుకుని అరగంట వార్తలు చూశాను. ఒక నాయకుడికి తొమ్మిది నిమిషాలు, ఆయన గొంతుతోనే. ఎదుటి పక్షం నాయకుడికి నలభై సెకన్లు. అందులోనూ ఆయన పెదవులు కదులుతుంటే వినిపించింది యాంకర్ వ్యాఖ్యానం.

వాళ్ల ఛానల్ వాళ్లిష్టం, మనకెందుకు అంటారు కొందరు. పత్రిక సంగతైతే ఆ మాట కొంత చెల్లుతుంది. కాగితం, సిరా కొనుక్కున్నవాళ్లు వాళ్లు. గాలి తరంగాల లెక్క వేరు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడరేవులోకి వచ్చే ఇరుకు దారి మీరంతా చూసిందే. ఓడ ఎవరిదైనా దారి రేవుది. ఎఫ్‌ఎం రేడియోకు ఉన్న దారి కూడా 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకానే. ఆ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. తగవు మొదలైంది క్రికెట్ పోటీల ప్రసారం దగ్గర! తీర్పు రాసినవారిలో మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ప్రభుత్వం గుప్పిట్లోంచి తీసి నలుగురు ధనవంతుల గుప్పిట్లో పెడితే ఒరిగేదేమీ లేదన్నది ఆ తీర్పులో నాకు అర్థమైన సారం.

సిరిపురంలోని ఈ ఆకాశవాణి స్టూడియోలో కూర్చుని ఈ ఇంటి సంగతి దాటేస్తే బాగుండదు. ఎమర్జెన్సీ రోజుల్లో జనం ఈ సంస్థను ‘ఆల్ ఇందిరా రేడియో’ అని ఎగతాళి చేశారు. 1977 లోక్‌సభ ఎన్నికల నుంచి పార్టీలకు రేడియోలో, దూరదర్శన్‌లో ఉచితంగా సమయం ఇస్తున్నారు. మంచి ఏర్పాటే. అయితే ప్రసంగ పాఠం ముందుగా చూపించాలి. 2024లో సీపీఎం నేత సీతారాం ఏచూరి ఆంగ్ల ప్రసంగంలోంచి కొన్ని మాటలు దూరదర్శన్ తీసేయించింది. ‘దివాలా’ అన్నచోట ‘వైఫల్యం’ అనమంది. అదే ప్రసంగపు హిందీ పాఠంలో ఏ తప్పూ కనిపించలేదట! ఆ మాట ఆయనే చెప్పారు. నియమావళి ఉండాలి సరే, భాషకొక తూకపు రాయి ఎలా కుదురుతుంది?

ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు కాబట్టి వాటి గొడవ తక్కువ. టీవీ పార్టీ ప్రకటనల మీద మాత్రం గట్టి కాపలా ఉంది. 2004 ఏప్రిల్‌లో జెమిని టీవీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు పుణ్యమా అని, ముందు ఎన్నికల సంఘం కమిటీ ధ్రువపత్రం ఇస్తేనే ప్రకటన తెరకెక్కుతుంది. నేను లెక్కపెట్టిన తొమ్మిది నిమిషాలు ప్రకటన కిందికి రావు, అవి వార్తలు. డబ్బు పుచ్చుకుని వేసినట్టు రుజువైతే అభ్యర్థి ఖర్చులో కలుపుతారు. అభిమానంతో వేస్తే ఏ పద్దులో రాయాలి?

ఫలితాలు వచ్చాక మళ్లీ క్షవరానికి వెళ్లాను. 2014లో తెలంగాణలో జరిగినట్టే ఈసారి మన రాష్ట్రంలో కొన్ని వార్తా ఛానళ్లు కేబుల్‌లో మాయమయ్యాయని అప్పటికే విన్నాను. అలవాటుగా ఛానల్ మార్చమన్నాను. యజమాని రిమోటు నొక్కాడు. తెరంతా నీలం.

‘వారం నుంచి ఇంతే సార్’ అని, నా మెడ చుట్టూ గుడ్డ బిగించాడు.