అనంతపురంలో కూర్చుని మౌంట్ విట్నీ ప్లాన్ | అమ్మ అడిగిన ప్రశ్నలే మా చెక్‌లిస్ట్

అందరికీ నమస్తే అండీ. ఎప్పుడూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా వంటింట్లోంచి మాట్లాడే నేను, ఈసారి అనంతపురంలో అమ్మావాళ్ల మిద్దె మీద కూర్చుని మాట్లాడుతున్నాను. తమ్ముడి పెళ్లికి వచ్చాం. పెళ్లి అయిపోయింది, చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, మా తిరుగు ప్రయాణానికి ఇంకా టైమ్ ఉంది. ఈ మధ్యలో ఒక పెద్ద పని పెట్టుకున్నాం. సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విట్నీ ఎక్కాలి. రోజుకు కొంతమందినే పంపిస్తారు కాబట్టి దాని పర్మిట్లు లాటరీ తీసి ఇస్తారు. ఆ లాటరీ ఫిబ్రవరి 1న తెరిచి మార్చి 1తో మూసేస్తారు. ఆ రోజుల్లో మేము ఇక్కడే ఉన్నాం కాబట్టి ప్లానంతా అమ్మ, నాయన ముందే వేశాం. అలా వేయడమే మంచిదైంది. ఎందుకో ఈ వీడియోలో చెప్తాను.

ముందు ఆ కొండ గురించి. మౌంట్ విట్నీ ఎత్తు 14,505 అడుగులు, అంటే 4,421 మీటర్లు. అలాస్కా, హవాయి తీసేస్తే మిగిలిన 48 రాష్ట్రాల్లో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. మంచు కరిగిపోయిన ఎండాకాలం చివర్లో తాళ్లు, గొడ్డళ్లు అక్కర్లేదు, నడిచే దారి ఉంది. కానీ ఆ నడక రానూ పోనూ దాదాపు 22 మైళ్లు, 35 కిలోమీటర్లు. విట్నీ పోర్టల్ అనే చోట సుమారు 8,370 అడుగుల దగ్గర బయల్దేరి, అక్కడి నుంచి ఇంకో 6,100 అడుగులు పైకి వెళ్లాలి.

ఇదంతా విన్నాక నాయన అడిగిన మొదటి మాట, "అంటే మన గుత్తి కొండ ఎన్నిసార్లు ఎక్కినట్లు?" గుత్తి కోట చుట్టూ ఉన్న నేల మీద నుంచి సుమారు 300 మీటర్లు లేస్తుంది. విట్నీకి ఎక్కాల్సింది 1,860 మీటర్లు. అంటే గుత్తి కొండను ఆపకుండా ఆరుసార్లు ఎక్కినట్లు. ఆయనకు ఫీట్లు, మైళ్లు చెప్తే పట్టలేదు, ఈ లెక్క చెప్పగానే కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు.

అమ్మ మాత్రం ఎక్కడం గురించి ఏమీ అడగలేదు. "ఎక్కేది సరేలేమ్మా, దిగేది ఎన్ని గంటలకు?" అంది.

నిజంగా ఈ ప్లాన్‌లో అన్నిటికన్నా ముందు రాయాల్సింది అదే. విట్నీ ఉన్న సియెర్రా కొండల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు మబ్బులు కమ్ముకుని పిడుగులు పడతాయి. జులై, ఆగస్టుల్లో ఎక్కువ, సెప్టెంబరులో తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు. విట్నీ దారిలో ట్రెయిల్ క్రెస్ట్ అని 13,600 అడుగుల దగ్గర ఒక గట్టు వస్తుంది. అది దాటాక శిఖరం వరకు రెండున్నర మైళ్లు, ఎక్కడా తలదాచుకునే చోటు లేదు. శిఖరం మీద స్మిత్సోనియన్ అనే అమెరికా పరిశోధన సంస్థ వాళ్ల కోసం 1909లో కట్టిన రాతి గుడిసె ఉంది. అందులోకి దూరితే పిడుగుల నుంచి తప్పించుకున్నట్లు కాదు. అందుకని మా కాగితం మీద మొదటి గీత ఇది: పొద్దున 11 గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం కళ్ల ముందు కనిపిస్తున్నా సరే. రెండో గీత, ట్రెయిల్ క్రెస్ట్ చేరేసరికి మబ్బులు లేస్తూ కనిపిస్తే గడియారం చూడక్కర్లేదు, అక్కడే తిరిగేయడం.

ఆ టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే మిగతాదంతా దానంతట అదే కుదిరింది. చాలామంది ఒకే రోజులో, అర్ధరాత్రి దాటాక బయల్దేరి సాయంత్రానికి దిగిపోతారు. మేము మధ్యలో టెంట్ వేసుకుని పడుకునే పర్మిట్ అడుగుతున్నాం. క్యాంప్ ఎక్కడ అన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. మా ఆయన 12,000 అడుగుల ట్రెయిల్ క్యాంప్ అన్నారు, అక్కడి నుంచి శిఖరం దగ్గర. నేను 10,360 అడుగుల ఔట్‌పోస్ట్ క్యాంప్ అన్నాను. 12,000 అడుగుల ఎత్తులో మొదటి రాత్రి నిద్ర పట్టక, తలనొప్పితో పొద్దున లేచి నడిస్తే దగ్గరగా ఉన్నందుకు లాభమేముంది? కింద కాస్త నిద్రపోయి రాత్రి రెండింటికి బయల్దేరితే 7 మైళ్లు నిదానంగా నడిచినా తొమ్మిది, పదింటికి పైకి చేరతాం. దిగి మళ్లీ అక్కడే రెండో రాత్రి పడుకుని, మర్నాడు పోర్టల్‌కి. చివరికి ఔట్‌పోస్టే ఖాయమైంది.

ఇప్పుడు మీరు చూస్తున్నది గుత్తి కోట. అనంతపురం నుంచి హైదరాబాద్ వైపు హైవే మీద గంట ప్రయాణం. ఇక్కడున్నన్నాళ్లు మాకు ఇదే జిమ్. తెల్లవారుజామున, ఎండ ముదరకముందే మొదలుపెడుతున్నాం. ఒక్కో బ్యాగులో నీళ్ల బాటిళ్లు నింపుకుని ఎక్కి, అదే బరువుతో దిగుతున్నాం. పైకి మోసి అక్కడ నీళ్లు పారబోసి తేలిగ్గా దిగొచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. తొడ కండరాలకు అసలు పరీక్ష దిగేటప్పుడే. బరువును ఆపుతూ అడుగు వేయాలి కాబట్టి మోకాళ్ల పైభాగం అప్పుడే అలిసిపోతుంది. విట్నీలో అలిసిపోయిన కాళ్లతో రాళ్ల మీద గంటల తరబడి దిగాలి. అయినా ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు మంచినీళ్లు నేల మీద పోయడానికి చెయ్యి ఎలా వస్తుంది చెప్పండి.

పైన ఆ అంచు దగ్గర కనిపిస్తున్న చిన్న మండపం ఉంది చూడండి, మురారిరావు అక్కడ కూర్చునేవాడని చెప్తారు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఈ కోటను ఏలాడు. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు కోట గోడలు నిలబడ్డాయి, లోపల నీళ్లే అయిపోయాయి. లొంగిపోక తప్పలేదు. బండల మధ్య గుంటలు, బావులు ఎన్ని తవ్వుకున్నా అవి ఎండిపోయాక ఏం చేస్తారు. నాయన ఈ కథ చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారో. ఈసారి అక్కడ నిలబడి నన్నే అడిగారు, "మీ కొండ మీద నీళ్లు యాడిదాకా ఉండాయి?"

జవాబు, ట్రెయిల్ క్యాంప్ దాకా. అక్కడి చిన్న మడుగే నమ్ముకోదగ్గ చివరి నీళ్లు. ఆ తర్వాత తిరుమల ఘాట్ రోడ్డులా మెలికలు తిరిగే దారి, దాన్ని 99 స్విచ్‌బ్యాక్స్ అంటారు, అది దాటి గట్టు మీదుగా శిఖరం, మళ్లీ అదే దారిన వెనక్కి. తొమ్మిది మైళ్లకు పైగా నీళ్లు ఉన్నాయని నమ్మి నడవడానికి లేదు. మనిషికి మూడు లీటర్లు నింపుకుంటాం. ఇంకో సంగతి, సెప్టెంబరులో అక్కడ రాత్రిళ్లు గడ్డకట్టే చలి ఉండొచ్చు. నీళ్లు వడకట్టే ఫిల్టర్‌లో తడి గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు పగులుతాయి. పైకి బాగానే కనిపిస్తుంది కానీ పనిచేయదు. కాబట్టి ఫిల్టర్ రాత్రి స్లీపింగ్ బ్యాగులో, నడిచేటప్పుడు జాకెట్ లోపల.

అన్నిటికన్నా నాకు భయం ఉన్నది ఎత్తు గురించి. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఫ్రీమాంట్ అయితే దాదాపు సముద్రం పక్కనే. గుత్తి కొండ కాళ్లను తయారుచేస్తుంది, ఊపిరిని ఆ ఎత్తుకు అలవాటు చేయలేదు. రాయలసీమలో చల్లగా ఉంటుందని అందరూ వెళ్లే హార్స్‌లీ హిల్స్ కూడా 1,300 మీటర్ల లోపే. విట్నీ మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతం. పీల్చే ప్రతి ఊపిరిలో ఆక్సిజన్ కూడా కింద దొరికేదాంట్లో దాదాపు 60 శాతమే ఉంటుంది. ఎంత ఫిట్‌గా ఉన్నవాళ్లనైనా ఇది పడగొట్టొచ్చు, మారథాన్ పరిగెత్తేవాళ్లను కూడా.

దీనికి మందు ఓపిక ఒక్కటే. అందుకని లోన్ పైన్ ఊరి నుంచి కారులో వెళ్లగలిగే హార్స్‌షూ మెడోస్‌లో, సుమారు 10,000 అడుగుల దగ్గర, ముందు ఒక రాత్రి పడుకుంటాం. పగలు కాటన్‌వుడ్ లేక్స్ వైపు నడుస్తాం. ఆ తర్వాతే పోర్టల్. ఆఫీసులో ఇంకో రెండు లీవులు పోతాయి, పోనివ్వండి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది రాకుండా వేసుకునే డైమాక్స్ అనే మాత్ర గురించి చాలామంది అడుగుతారు. సల్ఫా మందులు పడనివాళ్లకు అది ఇబ్బంది కావొచ్చు, మా ఆయన బీపీ మాత్రలు వాడతారు, కాబట్టి డాక్టర్‌ని కలవకుండా మేము ముట్టుకోం. మీరూ ముట్టుకోకండి.

"తలనొప్పొస్తే?" అని అమ్మ. తలనొప్పి, వికారం మొదలైతే ఇంక పైకి వెళ్లం. మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రయినా సరే కిందికి దిగిపోవడమే. ఒకరు దిగితే తోడు ఇంకొకరు దిగాలి. మేము వెళ్లేది నలుగురం, మేమిద్దరం, సాక్రమెంటోలో ఉండే మా చిన్నాన్న కొడుకు, అతని భార్య. ఎవరు వద్దన్నా ఆ ఒక్క మాట చాలు, ఓటింగ్ లేదు, బతిమాలడం లేదు.

తర్వాత అమ్మ అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. "పిల్లోన్ని ఇడిసిపెట్టి ఇద్దరూ ఒకేసారి పోవాల్నా?" బాబును ఫ్రీమాంట్‌లో మా అత్తమ్మ చూసుకుంటారు, స్కూలు, తిండి అన్నీ కుదిరాయి. కానీ అమ్మ అడిగింది దాని గురించి కాదు. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒకరు క్యాంప్‌లో ఉండిపోవడమా అని కూడా అనుకున్నాం. చివరికి ఇద్దరం వెళ్తున్నాం. అందుకే ఆ 11 గంటల గీత మీద ఇంత పట్టుగా ఉన్నాం. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా మెసేజ్ పంపే శాటిలైట్ పరికరం తీసుకెళ్తున్నాం. ప్లాన్ కాగితం ఒకటి అత్తమ్మ దగ్గర, ఒకటి అమ్మ దగ్గర ఉంటుంది. అమ్మ కాపీలో టైములన్నీ మన టైమ్‌లో రాశాను. సెప్టెంబరులో తేడా పన్నెండున్నర గంటలు, కాబట్టి మేము వెనక్కి తిరిగే 11 ఇక్కడ రాత్రి పదకొండున్నర. ఏ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉంది.

మా చిన్నమ్మ కూతురు పక్కనుండి, "పదమూడేళ్ల పిల్ల ఎవరెస్ట్ ఎక్కలేదా పెద్దమ్మా" అంది. మాలావత్ పూర్ణ, 2014 మే 25న. నిజామాబాద్ జిల్లా పిల్ల, సంక్షేమ గురుకులంలో చదువుకుంది. ఆ రోజు ఆమెతోపాటు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్లు నేరుగా ఎవరెస్ట్‌కి పోలేదు. భువనగిరి బండ మీద నేర్చుకుని, డార్జిలింగ్, లడఖ్ చూసుకుని, అప్పుడు అక్కడికి. నాకు వాళ్ల ధైర్యం ఎంత గొప్పగా అనిపిస్తుందో, ఆ వరుస కూడా అంతే గొప్పగా అనిపిస్తుంది.

తిండి సంగతికొస్తే అమ్మ చేతికి పగ్గాలిచ్చేశాను. రాత్రి ఉండేవాళ్లు తిండినంతా ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి, అది రూలు. డబ్బాలో చోటు తక్కువ కాబట్టి బొరుగులు దండగ, శెనక్కాయ చిక్కీ, నువ్వుల ఉండలు బంగారం. ఔట్‌పోస్ట్ ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. బియ్యం, కందిపప్పు గిన్నెలో ఉడకడానికి గ్యాస్ చాలదు. అందుకే వేడినీళ్లు పోస్తే మెత్తబడే అటుకులు, రాగి మాల్ట్. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తియ్యటివి అసలు దిగవు, అప్పుడు నాలిక్కి తగలడానికి శెనక్కాయ పొడి, కాస్త నిమ్మకాయ ఊరగాయ. ఇంకో రూలు, మలాన్ని కూడా ప్రత్యేకమైన సంచిలో కట్టుకుని కిందికి తేవాలి. ఆ బండల మీద మట్టి లేదు, పూడ్చడానికి ఉండదు, కింద ఊళ్లు తాగేది ఆ నీళ్లే. అమ్మ విని, "మన కొండల మీదా ఇట్లా పెడితే బాగుండు" అంది. గుత్తి మెట్ల మీద ప్లాస్టిక్ ఏరుతూ నాకూ అదే అనిపించింది.

అప్లికేషన్ నిన్న రాత్రి పంపేశాను. ఫీజు 6 డాలర్లు, గెలిస్తే మనిషికి 15. రాత్రి ఉండేవాళ్లు రోజుకు 60 మంది, ఒకే రోజులో పోయి వచ్చేవాళ్లు 100 మంది, అంతే. వీకెండ్లు వదిలేసి మంగళ, బుధవారాలు పెట్టాను, పోటీ తక్కువ ఉంటుందని. నేను వెళ్లలేకపోయినా మిగతావాళ్ల పర్మిట్ పోకుండా ప్రత్యామ్నాయ లీడర్‌గా మా ఆయన పేరు ఇచ్చాను. ఫలితాలు మార్చి 15న వస్తాయి. రాకపోతే ఏప్రిల్‌లో మిగిలిన తేదీలు తెరుస్తారు, అప్పుడు చూస్తాం. అదీ కుదరకపోతే ఎదురుగా లోయకు అవతల వైట్ మౌంటెన్ పీక్ ఉంది, 14,252 అడుగులు. పర్మిట్ అక్కర్లేదు, బార్‌క్రాఫ్ట్ గేటు నుంచి పాత రోడ్డు మీద రానూ పోనూ 14 మైళ్లు. దారిలో నీళ్లు దొరకవు, అంతా ఇంటి నుంచే మోసుకెళ్లాలి. దానికి కూడా వెనక్కి తిరిగే టైమ్ వేరే కాగితం మీద రాసి అమ్మకు ఇచ్చేశాను.