కమిటీ బోర్డు మీద పేర్లు ఎవరివి?

మిత్రులకు, ముఖ్యంగా పరీక్షల మధ్య వీలు చేసుకుని వచ్చిన విద్యార్థినులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో విద్యార్థినులకు ఉన్న సహాయ సేవల గురించి చెప్పమన్నారు. వాటి జాబితా చదవడానికైతే నేను అక్కర్లేదు, వెబ్‌సైట్లలో రంగుల బొమ్మలతో సహా ఉంది. హాస్టలైనా, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ అయినా ఆడవాళ్లు నలుగురూ కలిసి నిలదీసినప్పుడే వచ్చాయి. నిలదీసేవాళ్లు లేని రోజుల్లో కాగితాలకే పరిమితమయ్యాయి. ఈ ఒక్క సంగతి చెప్పి వెళ్లాలని వచ్చాను.

హైదరాబాదులో ఈ నిలదీతకు యాభై ఏళ్లు దాటాయి. 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టారు. పీఓడబ్ల్యూ అంటే పాతతరం వాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. దారి పొడవునా వెంటపడే ఆకతాయిలు, కట్నాలు, మండిపోతున్న ధరలు - వాళ్లు పట్టుకున్న విషయాలు ఇవి. మరుసటి ఏడాదే ఎమర్జెన్సీ వచ్చి ఆ సంఘాన్ని చెల్లాచెదురు చేసింది. 1978లో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం, 1985లో అన్వేషి అనే స్త్రీల అధ్యయన పరిశోధనా కేంద్రం ఈ నగరంలోనే పుట్టాయి.

ఆ 1978లోనే రమీజాబీ కేసు. రాత్రి సినిమా చూసి భర్తతో ఇంటికి వస్తున్న స్త్రీని పోలీసులు పట్టుకున్నారు. నల్లకుంట స్టేషనులో ఆమె మీద అత్యాచారం జరిగింది, భర్తను కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తర్వాత కేసు పక్క రాష్ట్రానికి వెళ్లి, అక్కడి కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ కేసు పొడవునా నిందితుల కన్నా ఎక్కువగా బోనులో నిలబడింది ఆమె నడవడికే. అంత రాత్రివేళ బయట ఏం పని అన్న ప్రశ్నను ఈ నగరం అప్పుడు ఒక కూలి మనిషి భార్యను అడిగింది. ఇప్పుడు హాస్టల్ గేటు దగ్గర రిజిస్టరు పట్టుకుని మిమ్మల్ని అడుగుతోంది.

గేటు సంగతి వచ్చింది కాబట్టి ఒక నిబంధన చెబుతాను, గుర్తుంచుకోండి. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2016 మే నెలలో నోటిఫై చేసిన నిబంధనలున్నాయి. విద్యార్థినుల భద్రత పేరు చెప్పి, అబ్బాయిల హాస్టళ్లకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. దీపాలు సరిగా ఉండాలి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉండాలి, పెద్ద ప్రాంగణాల్లో హాస్టల్ నుంచి లైబ్రరీకి, ల్యాబ్‌కి నమ్మకమైన రవాణా ఉండాలి అని కూడా రాశారు. భద్రత అంటే వీధి దీపమని రాసిన కాగితం చేతిలో ఉండగా, భద్రత అంటే తాళమని వార్డెన్లు ఎలా అంటున్నారో నాకు అంతుపట్టదు. తొమ్మిదింటికి లైబ్రరీలో కుర్చీ వదలాల్సిన అమ్మాయి, పన్నెండు దాకా చదువుకునే అబ్బాయి ఒకే పరీక్ష రాస్తారు. ఔట్‌పాసుకు లోకల్ గార్డియన్ ఫోను చేయాలంటారు. ఆసిఫాబాద్ నుంచి వచ్చిన పిల్లకు ఈ ఊళ్లో గార్డియన్ ఎక్కడి నుంచి వస్తాడు?

ఇక కమిటీ. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి అనే గ్రామీణ కార్యకర్త మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ దారుణం తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెక్కితే 1997లో, పనిచోట లైంగిక వేధింపులను అరికట్టాలంటూ విశాఖ తీర్పు వచ్చింది. విశాఖ అన్నది ఊరు కాదు, కేసు వేసిన సంఘాల్లో ఒకదాని పేరు. ఆ తీర్పే 2013లో చట్టమైంది. మీ కాలేజీ గోడ మీది అంతర్గత ఫిర్యాదుల కమిటీ బోర్డుకు మూలం అదీ. నేను ఏ కాలేజీకి వెళ్లినా ముందు ఆ బోర్డు చదువుతాను, అదొక అలవాటు. బదిలీ అయిపోయిన మేడం పేరు పైన, మోగని ఫోను నంబరు కింద కనిపించిన చోట్లు చాలానే ఉన్నాయి.

ఆ బోర్డులో మీరు వెతకాల్సింది చివరి మూడు పేర్లు. విషయం విద్యార్థులకు సంబంధించినదైతే కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి: డిగ్రీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, పరిశోధక విద్యార్థుల నుంచి ఒకరు. వాళ్లను మీరే పారదర్శకంగా ఎన్నుకోవాలి. ప్రిన్సిపాల్ గారు తనకు నచ్చిన ముగ్గురు బుద్ధిమంతులను పిలిచి సంతకం పెట్టించుకోవడం ఎన్నిక కాదు. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పదవుల్లో ఉన్నవారు సభ్యులుగా ఉండకూడదు. ఈ రెండు మాటలు అమలైతే సగం కమిటీల స్వరూపం రేపటికి మారిపోతుంది.

ఎందుకంత పట్టుబడుతున్నానో చెబుతాను. పరిశోధక విద్యార్థిని పరిస్థితి చూడండి. ఫెలోషిప్ పడాలంటే నెలనెలా హాజరు కాగితం మీద గైడ్ సంతకం కావాలి. ప్రోగ్రెస్ రిపోర్టుకు ఆయన సంతకం, సెమినారుకు వెళ్లడానికి ఆయన సంతకం, చివరికి థీసిస్ సమర్పించడానికీ ఆయనదే. ఆదివారం పూట చాప్టర్ పట్టుకుని ఇంటికి రమ్మంటాడు. వెళ్లకపోతే ఏమీ అనడు, కోప్పడడు కూడా. ఆ నెల కాగితం మాత్రం ఆయన బల్ల మీదే ఉండిపోతుంది. ఫెలోషిప్ పడక ఈమె రూము అద్దె కట్టలేకపోతుంది, మెస్ బకాయి పెరుగుతుంది. సంతకం పడని ఆ కాగితమే ఆమె దగ్గరున్న సాక్ష్యం. దాన్ని వేధింపుగా చదవగలిగేది ఎవరు? అదే బల్ల ముందు నిలబడ్డ మరో పరిశోధక విద్యార్థిని. ఆమె కమిటీలో ఉండాలన్నది అందుకే.

విచారణ సాగుతుండగా ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనిని, పరీక్షలను మదింపు చేయకుండా ఆపమని కమిటీ సిఫార్సు చేయవచ్చు. ఆమెకు 3 నెలల వరకు సెలవు ఇప్పించవచ్చు. నిబంధన బాగానే ఉంది, కొత్త గైడ్ ఎవరు దొరుకుతారు? అయిదుగురు అధ్యాపకులున్న విభాగంలో మిగతా నలుగురూ ఆయనతో రోజూ టీ తాగేవాళ్లే. 'మాకెందుకమ్మా ఈ గొడవ' అంటారు. అక్కడ నిబంధన ఆగిపోతుంది, విద్యార్థినుల సంఘం మొదలవ్వాలి. ఆమెను ఒంటరిగా ఆ వరండాలో నిలబెట్టకుండా పదిమంది వెళ్లి విభాగాధిపతిని అడగాలి.

వేధింపు జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. కారణాలు రాసి కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. ఫిర్యాదు ఇవ్వడానికి ఆరు నెలలైనా చాలవని నా అభిప్రాయం. నోరు విప్పే ధైర్యం చాలామందికి పట్టా చేతికొచ్చాకే వస్తుంది.

ఇంకో భయం ఉంది, కాలేజీ భయం కన్నా పెద్దది. విషయం ఇంట్లో తెలిస్తే మొదటి మాట 'చదివింది చాలు, వచ్చెయ్' అనే. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన దళిత, ఆదివాసీ, ముస్లిం అమ్మాయిలకు ఆ మాటతో బతుకు దారే మూసుకుపోతుంది. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉంటే, ఆ యాజమాన్యం మీద ఎవరు రాస్తారు? స్త్రీలందరి కష్టం ఒకటేనని మా తరం తేలిగ్గా అనేసింది. దళిత స్త్రీలు ఎదురు ప్రశ్న వేసి ఆ మాటను సరిదిద్దారు. ఫిర్యాదు గోప్యంగా ఉండాలన్నది కమిటీకి చట్టం పెట్టిన షరతు. ఇంటికి ఫోను చేసి చెప్పేస్తాననే వార్డెన్‌కు ఆ మాట గట్టిగానే గుర్తుచేయండి.

కౌన్సెలర్ల గురించి ఎక్కువ చెప్పను. ఉన్నచోట మంచిదే, వారానికి ఒక పూట వచ్చే మనిషితో వేలమందికి ఏమవుతుంది? పీహెచ్‌డీ చేసే స్త్రీలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉందన్నది మాత్రం అడిగి సాధించుకోండి. చాలా విభాగాల గుమాస్తాలకే ఆ సంగతి తెలియదు.

ఒక సరదా సంగతి. లైంగిక వేధింపుల చట్టం అమల్లోకి వచ్చింది 2013 డిసెంబరు 9న. సరిగ్గా పదేళ్లకు, 2023 డిసెంబరు 9న, తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. దిల్‌సుఖ్‌నగర్ ప్రైవేటు హాస్టల్లో ఉండి తార్నాక దాకా వచ్చే అమ్మాయికి ఆ రెండో తేదీ ఎక్కువ అక్కరకొచ్చిందంటే నేను కాదనను. అయితే ఆ ప్రైవేటు హాస్టల్లో ఏదైనా జరిగితే కాలేజీ చేతులు దులుపుకుంటుంది. విద్యార్థిగా వెళ్లిన స్టడీ టూర్, ఇంటర్న్‌షిప్, కాలేజీ బస్సు నిబంధనల పరిధిలోకి వస్తాయి. అద్దె గది అంత సులభంగా రాదు. ఆ ఖాళీని ఎలా పూడ్చాలో మీరే ఆలోచించాలి. అప్పటిదాకా మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసర సహాయం 112 నంబర్లు ఫోనులో వేసుకోండి.

వచ్చిన ఫిర్యాదులెన్ని, పరిష్కారమైనవెన్ని అన్నది ప్రతి విద్యాసంస్థా ఏటా యూజీసీకి నివేదించాలి. ఆ నివేదిక ప్రతిని సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు నమూనాలు ఆ పక్క బల్ల మీద పెట్టించాను. కమిటీలో విద్యార్థి సభ్యుల ఎన్నిక ఏ తేదీన జరిగిందన్న ప్రశ్న కూడా అందులో చేర్చాం. టీ వచ్చేలోగా ఎవరి కాలేజీ పేరు వాళ్లు నింపండి. సందేహాలుంటే ఇప్పుడే అడగండి.