హనన్యా రెండేళ్లు, యిర్మీయా డెబ్బై ఏళ్లు

తమ్ముడు: ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోను, సరిహద్దుకు అవతల పాతపట్నం, ఇచ్ఛాపురం వైపున వింటున్న తెలుగువారందరికీ ప్రభువు నామమున వందనములు. ఈ వారం మన అంశం, కష్టకాలంలో దేవునియందు నమ్మిక ఉంచడం. అక్క మళ్లీ మైకుకు దూరంగా జరిగి ప్రసంగిస్తే ఆ పూచీ నాది కాదని ముందే మనవి చేస్తున్నాను.



మూడు భాగాలుగా మాట్లాడుకుందామని రాసుకొచ్చాను: యోబు, కీర్తనలు, మన సంఘాలు. అయితే ముందుగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక సహోదరి పంపిన ప్రశ్న ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆమె తీసిన వాగ్దాన కార్డులో, అంటే కొత్త సంవత్సరానికి దేవుని మాటగా ఒక్కొక్కరు తీసుకునే బైబిలు వచనం కార్డులో, యిర్మీయా ప్రవక్త గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం వచ్చిందట. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్న మాటను పట్టుకొని ఉండగానే ఆమె భర్తకు కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్ మొదలైందట. తన విశ్వాసంలో ఎక్కడైనా లోపం ఉందా అని అడుగుతున్నారు.

అక్క: ఆమె విశ్వాసంలో లోపం లేదు, లోపమంతా ఆ కార్డులో ఉంది.

తమ్ముడు: మొదలుపెట్టారా! శ్రోతలారా, కార్డుల మీద యుద్ధం మళ్లీ ప్రారంభమైంది.

అక్క: ఆ వచనం ఎవరికి రాసిన ఉత్తరంలోనిదో కార్డు చెప్పదు కదా. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి యిర్మీయా ఆ ఉత్తరం పంపాడు. 5వ వచనంలో ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అన్నాడు. 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని రప్పిస్తాను అన్న దేవుని మాట రాశాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది బబులోను మట్టిలోనే కలిసిపోతారని అర్థం. ముందున్న 10ని వదిలి 11ని మాత్రం పూలబొమ్మ మీద అచ్చువేస్తే, ఆ సహోదరి ఈ డిసెంబరులోగా స్వస్థత వస్తుందని అనుకోక ఏం చేస్తారు?

తమ్ముడు: కార్డు మీద అధ్యాయమంతా పట్టదు కదా అక్కా.

అక్క: పట్టకపోతే సంఘంలో చదివి వినిపించాలి. దానికి ముందు 28వ అధ్యాయమే ఉంది, దాన్ని ఎవరూ ముట్టరు. గిబియోనువాడైన హనన్యా దేవాలయంలో జనమందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, చెరపోయినవారు తిరిగి వస్తారు అని ప్రకటించి, బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. వినడానికి ఎంత విశ్వాసం నిండిన ప్రసంగమో చూడు! జనం మెచ్చే మాట హనన్యాది, దేవుడు పంపిన మాట యిర్మీయాది. కార్డులో వచనం యిర్మీయాదే అయినా మనవాళ్లు దాన్ని హనన్యా గొంతుతో చదువుతున్నారు.

తమ్ముడు: ఒక్క మాట అడుగుతాను. హనన్యా అలా ప్రకటించగానే యిర్మీయా ఇచ్చిన మొదటి జవాబు ఏమిటి?

అక్క: ఏమిటి?

తమ్ముడు: ఆమేన్ అన్నాడు. యెహోవా ఆలాగే చేయునుగాక అన్నాడు. రెండేళ్లలో అయిపోతే బాగుండునని యిర్మీయాకు మాత్రం ఉండదా? ఆ సహోదరి కార్డు చేతికి రాగానే ఆమేన్ అన్నారు. అందులో తప్పేముంది?

అక్క: ఆమెను నేను తప్పుపట్టలేదు.

తమ్ముడు: మీ మాట ఆమె చెవికి అలాగే వినిపిస్తుంది. మీరు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదువుకోగలరు. మా అమ్మకు అక్షరాలు రావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున, ఇంటి రేకులు లేచిపోతూ ఉంటే, ఆమె నోట ఉన్నది కార్డులోని ఒకే ఒక్క వాక్యం. ఎవరో చదివి వినిపిస్తే కంఠస్థం చేసుకుంది. ఆ వేళ ఆమెకు నెబుకద్నెజరు చరిత్ర ఎవరు చెబుతారు? ఆ కార్డు ఇప్పటికీ ఆమె బైబిలులో ఉంది. చదవలేకపోయినా బైబిలు తలగడ పక్కనే పెట్టుకుంటుంది.

అక్క: …అమ్మ సంగతి వేరు.

తమ్ముడు: వేరు కాదు. మీ మాట వింటే, చదువుకున్నవారికి మాత్రమే నిబ్బరం దొరుకుతుందన్నట్లు ఉంది.

అక్క: సరే, కోపం తెచ్చుకోకు. గాలిలో ఒక వాక్యం పట్టుకొని నిలబడ్డ మనిషిని నేను ఏమీ అనను. నేను మాట్లాడేది గాలి ఆగిన తరువాతి సంగతి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేలాదిగా కూలిపోయాయి. కొబ్బరి నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. ఆ అయిదారేళ్లూ రైతుతో ఏం చెప్పాలి? వచ్చే సంవత్సరం కొత్త కార్డు తీయమనా? తోటలు నాటండి అన్న 5వ వచనం అతని కోసమే ఉన్నట్లు ఉంటుంది, దాన్ని కార్డు మీద నేనెన్నడూ చూడలేదు. దేవుణ్ణి నమ్మడమంటే మొక్క నాటి, నీళ్లు పోసి, ఈ ఏడు కాయలేదని తెలిసీ మరుసటి ఏడు మళ్లీ నీళ్లు పోయడం కూడా.

తమ్ముడు: దానికి నేను ఆమేన్ అంటాను. యోబు దగ్గరకు వెళదామా?

అక్క: యోబు నీతిమంతుడై ఉండి కూడా పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్నవాడు. అతణ్ణి ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నంతవరకు మంచివాళ్లే. నోరు తెరిచిన తరువాత పాడుచేశారు. ‘నీ పాపమేదో ఉంటుంది’ అన్నదే వాళ్ల వాదం. చివరికి దేవుడు ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీఫజుతో, మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదు, నా సేవకుడైన యోబు పలికాడు అన్నాడు. పుస్తకమంతా దేవునితో వాదించినవాడు యోబు, దేవుని తరఫున వాదించినవాళ్లు ఈ ముగ్గురు.

తమ్ముడు: తిత్లీ తరువాత మన దగ్గర కూడా అదే వినిపించింది. గజపతి జిల్లాలో బరఘర దగ్గర వానకు తలదాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడినప్పుడు, ఆ ఊరి పాపమని అన్నవాళ్లు ఉన్నారు.

అక్క: అన్నవాళ్లు లూకా 13వ అధ్యాయం చదవలేదు. సిలోయములోని గోపురం పడి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావారందరికంటే అపరాధులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కారు అని ఆయనే చెప్పాడు. ఇక ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి. కారణం ఇదేనని ఖచ్చితంగా తేల్చలేని జబ్బు అది. ఆ గ్రామాల్లో విశ్వాసులకూ వస్తుంది, అవిశ్వాసులకూ వస్తుంది. అది విశ్వాస లోపం వల్ల వచ్చిందనడం ఎలీఫజు మాటే. ఆ సహోదరికి నేను చెప్పేదల్లా ఇంతే: డయాలసిస్‌కు వెళ్లే రోజుల్లో ఎవరో ఒకరు తోడు వెళ్లే ఏర్పాటు చేయమని మీ సంఘాన్ని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

తమ్ముడు: అడిగితే సంఘం ఉపవాస ప్రార్థన పెడుతుంది, తోడు వెళ్లే మనిషి మాత్రం దొరకడు.

అక్క: రెండూ చేయాలి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకొని తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగినప్పుడు, దూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, నీళ్లిచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టాడు. ఆ దూత చేతిలో కార్డు మాత్రం లేదు.

తమ్ముడు: ఏలీయా దగ్గర కూడా కార్డేనా? నేను చెప్పలేదా శ్రోతలారా!

అక్క: నవ్వకు. స్వస్థత పొందినవాళ్లనే సాక్ష్యానికి ఎందుకు పిలుస్తారు? ప్రార్థించినా భర్త చనిపోయిన ఆమెను వేదిక మీదికి పిలిచి, ‘ఇంకా ఆరాధనకు ఎలా రాగలుగుతున్నావమ్మా’ అని అడిగిన సంఘం ఒక్కటి చూపించు.

తమ్ముడు: అలా పిలిస్తే ఆమె ఏడుస్తుంది, సభంతా ఏడుస్తుంది.

అక్క: ఏడవనీ. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు.

తమ్ముడు: అది సరే గాని, ఆమెకు ఇష్టం లేకపోతే? బలవంతంగా వేదిక ఎక్కిస్తే అది ఇంకొక రకం ప్రదర్శన అవుతుంది. నేను దీనికి ఒప్పుకోను.

అక్క: ఇష్టం కనుక్కొనే పిలవాలి. ఎవరు కనుక్కోవాలన్నది వేరే మాట. మన దగ్గర పురుషులే ఆరాధన క్రమం వేస్తారు కాబట్టి…

తమ్ముడు: ఇప్పుడు అటు వెళితే రాత్రి అవుతుంది. కీర్తన 88 చెబుతానన్నారు. చివరి మాట కూడా చీకటితోనే ముగిసే కీర్తన అది. నేను మూడు పేజీలు రాసుకొచ్చాను.

అక్క: మందిరం తాళం నా దగ్గరే ఉందిరా, సవర సంఘంవాళ్లు ప్రార్థనకు వచ్చి బయట నిలబడి ఉంటారు. నేను లేస్తున్నాను.

తమ్ముడు: ముగింపు ప్రార్థనైనా…

అక్క: అక్కడికి రా, అక్కడ చేద్దాం. ఆ మైకు ఆపు.