విక్కాలో యోధుడి దారి: సరుకెంత, ఆర్భాటమెంత?

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి ఒక ఆలోచనను తీసుకున్నాను. మంత్రవిద్య, ప్రకృతి పూజ కలిసిన ఆధునిక మతం విక్కా. దాని సాధనలోకి యోధుడి నీతిని తీసుకురావడం. కెనడాలోని వాంకూవర్‌లో పోలీసు ఆఫీసరుగా పనిచేస్తూనే తాను విక్కన్‌నని బాహాటంగా చెప్పుకున్న ఒకాయన, కెర్ కుహులిన్ అనే కలం పేరుతో 2000లో దీని మీద పుస్తకమే తెచ్చారు. నేను మాట్లాడేది మాత్రం ఆ పుస్తకం గురించి కాదు, మొత్తంగా ఈ ధోరణి గురించి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ తన పుస్తకంతో విక్కాను జనానికి పరిచయం చేశాడు. దేవత, దేవుడు, ఋతువుల పండగలు, వలయం గీసి చేసే పూజ. ప్రస్తుతానికి ఇంత చాలు.

ఇక మొదటి అభ్యంతరం. "ఎవరికీ హాని చేయనంతవరకూ నీకు నచ్చింది చెయ్యి" అన్నదే మూలసూత్రమైన చోట యోధుడికేం పని?

కానీ విక్కాకు కత్తి కొత్తేమీ కాదు. గార్డ్‌నర్‌నే చూడండి. మలయాలో (ఇప్పటి మలేషియా) కస్టమ్స్ ఉద్యోగం చేస్తూ అక్కడి క్రిస్ బాకుల మీద మనసు పారేసుకుని, 1936లో వాటి గురించి పుస్తకం రాసిన మనిషి. విక్కన్ పూజలో అథామే అనే కత్తి ఉంటుంది. నల్ల పిడి, రెండువైపులా అంచు. సంప్రదాయం ప్రకారం దాంతో ఏదీ కొయ్యరు. వలయం గీస్తారు, శక్తిని ఒక దిక్కుకు మళ్లిస్తారు, అంతే. మూలికలు కొయ్యడానికి తెల్ల పిడి కత్తి వేరే ఉంటుంది. అంటే ఆయుధం చేతిలోనే ఉంది, ఎవరి మీదకీ దూయరు. ఈ దారివాళ్లు చెప్పే నిగ్రహం నాకు అక్కడే అర్థమైంది.

గార్డ్‌నర్ శిష్యురాలు డోరీన్ వాలియెంటే రాసిన, విక్కన్ పూజల్లో చదివే దేవత ఉపదేశంలో కూడా ఎనిమిది గుణాలు జంటలుగా వస్తాయి. అందం-బలం, శక్తి-కరుణ, గౌరవం-వినయం, ఉల్లాసం-భక్తి. బలం పేరెత్తగానే పక్కన ఇంకోటి పెట్టి కళ్లెం వేశారు. కాబట్టి యోధుణ్ణి బయటినుంచి దిగుమతి చేసుకున్నారు అనడం పూర్తిగా సరికాదు.

నాకు బాగా నచ్చింది క్రమశిక్షణ భాగం. తెలుసుకో, సంకల్పించు, తెగించు, మౌనంగా ఉండు. ఈ నాలుగూ విక్కన్లకు కొత్త కాదు. కానీ మూడోదాన్ని చాలామంది దాటేస్తారు. ఉద్యోగం కోసం కొవ్వొత్తి వెలిగిస్తారు, దరఖాస్తు మాత్రం పంపరు! యోధుడి దారి ఇక్కడ నిలదీస్తుంది. మంత్రం వేశావు సరే, దాని వెనక నువ్వు వేసిన అడుగేది?

అసలు చిక్కు ఆత్మరక్షణ దగ్గర. ఒకడు ఒక మనిషిని రోజూ వేధిస్తున్నాడు. వాడు ఆ పని చేయకుండా బంధన మంత్రం వేస్తే, అది హానా కాదా? వాడి ఇష్టానికి అడ్డుపడ్డట్టే కదా! చూస్తూ ఊరుకోవడం కూడా హానే అంటారు ఈ దారివాళ్లు. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎదుటివాడు నిజంగా దాడి చేస్తున్నాడని తేల్చేదెవరు? పూజా బృందంలో చిన్న మాటపట్టింపు వస్తే చాలు, "నా మీద ప్రయోగం జరుగుతోంది" అని కవచాలు కట్టుకునేవాళ్లున్నారు. యోధుణ్ణి అనుకున్నాక శత్రువు లేకపోతే తోచదు మరి. ఇది నిజంగా కత్తి మీద సామే, దీనికి సరైన కొలమానం ఈ ధోరణిలో నాకు కనపడలేదు. మార్కులు ఇక్కడే తగ్గించాను.

జపాన్ అరువు గురించి కూడా చెప్పాలి. జపాన్ ఖడ్గవీరుడు ముసాషి కత్తిసాము మీద రాసిన పుస్తకంలోని అయిదు ఖండాలు భూమి, నీరు, అగ్ని, గాలి, శూన్యం. విక్కన్ల గుర్తయిన పంచకోణ నక్షత్రంలోని అయిదు తత్త్వాలకు అతికినట్టు సరిపోయాయని సంబరపడకండి. ఆయన గాలి ఖండంలో రాసింది ఇతర కత్తిసాము సంప్రదాయాల లోపాల గురించి. విక్కాలో గాలి అంటే బుద్ధి, ఆలోచన. పేర్లే కలిశాయి. బుషిడో, అంటే సమురాయ్ యోధుల నియమావళి, దాని సంగతీ అంతే. ప్రపంచానికి తెలిసిన ఆ నియమావళికి ప్రచారం తెచ్చింది 1900లో నితోబే ఇనాజో ఇంగ్లీషులో రాసిన పుస్తకం. "ప్రాచీనం" అన్న ముద్ర చూసి మురిసిపోవడం విక్కన్లకు పాత జబ్బే లెండి.

ఒక్క విషయంలో మాత్రం ఎగతాళి పనికిరాదు. నిజంగానే సైనికులైన విక్కన్లు ఉన్నారు. అమెరికాలో ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వాళ్లు పూజలు చేసుకుంటున్నారని 1999లో ఒక కాంగ్రెస్ సభ్యుడు రభస చేశాడు. 2005లో అఫ్ఘానిస్తాన్‌లో చనిపోయిన ఒక విక్కన్ సైనికుడి స్మారకం మీద పంచకోణ నక్షత్రం వేయించడానికి ఆయన భార్య పోరాడాల్సి వచ్చింది. 2007లో గానీ ప్రభుత్వం ఆ గుర్తును ఆమోదించలేదు. వీడియోల్లో కత్తి తిప్పుతూ "నేను యోధుణ్ణి" అనేవాళ్లు వీళ్ల సంగతి చదవాలి.

మొత్తానికి అయిదుకు మూడున్నర. సాధనలో బద్ధకం పట్టుకున్నవాళ్లకు గట్టిగా సిఫారసు చేస్తాను. ఎవరి మీదో కోపంతో ఉన్నవాళ్లు మాత్రం ఇప్పుడు దీని జోలికి వెళ్లకండి. బంధన మంత్రం హాని కిందకి వస్తుందా రాదా, మీ అభిప్రాయం కింద రాయండి. వాదించుకుందాం.