తాలు కాదండీ, తలు: ఎస్టోనియా రైతు మీద చర్చ

యాంకర్: నమస్కారం. ఇవాళ ఎస్టోనియా రైతు గురించి. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న యూరప్ దేశం అది. మేడమ్, అక్కడి రైతు కమతాన్ని 'తాలు' అంటారట?

చరిత్ర అధ్యాపకురాలు: తాలు కాదండీ, 'తలు'. తాలు మన వడ్లలో ఉంటుంది. (నవ్వులు) తలు అంటే ఇల్లు, కొట్టం, పొలం, కాస్త అడివి, అన్నీ కలిపి. 1940 జూన్‌లో సోవియట్ సైన్యం దిగింది. 30 హెక్టార్లకు మించిన భూమి తీసుకుని లేనివాళ్లకు పంచారు.

రైతు: అంటే మన లెక్కన 74 ఎకరాలు. పంచితే మంచిదేగా మేడమ్? దున్నేవాడిదే భూమి అని మన దగ్గరా కొట్లాడారు.

అధ్యాపకురాలు: పంచారు గానీ, కాగితాల్లో భూమంతా ప్రభుత్వానిదే. రైతుకు దక్కింది సాగు హక్కు. 1941లో జర్మన్లొచ్చారు. వాళ్లూ ధాన్యానికి, పాలకు, మాంసానికి కోటా కట్టి వసూలు చేశారు.

రైతు: మా తాత నిజాం లెవీ గురించి ఇట్లే చెప్పేవాడు. ఇంట్ల గింజ ఉందా అని ఎవడూ అడగడు, లెక్క తేలాలె అంతే.

యాంకర్: 1944లో మళ్లీ సోవియట్లు...

అధ్యాపకురాలు: అసలు దెబ్బ ఆ తర్వాత. 1947 నుంచి కాస్త ఉన్న రైతును 'కులక్', అంటే ధనిక రైతు, జాబితాకెక్కించి పన్ను బాదారు. 1949 మార్చి 25న మొదలుపెట్టి, కొద్ది రోజుల్లోనే 20 వేల మందికి పైగా రైళ్లెక్కించి సైబీరియా పంపేశారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఇంకేం, నెల తిరిగేసరికి కోల్‌ఖోజ్‌లో, అంటే ఉమ్మడి సేద్యంలో, చేరిన కమతాలు సుమారు 8 శాతం నుంచి 64 శాతానికి ఎగబాకాయి. ఉపన్యాసాలు విని చేరలేదండీ ఎవరూ.

రైతు: మరి గొడ్లు?

అధ్యాపకురాలు: గుర్రాలు పోయాయి. ఇంటికో ఆవు, ఎకరంన్నర లోపు పెరటి చెక్క మిగిలాయి. తక్కినవి ఉమ్మడి కొట్టానికి. నిన్నటిదాకా పేరుపెట్టి పిలిచిన ఆవునే తెల్లారి అక్కడికెళ్లి పితకాలి. పిలిస్తే అది తల తిప్పి చూస్తుంది కదా!

రైతు: (కాసేపాగి) కూలెంత?

అధ్యాపకురాలు: పుస్తకంలో 'పనిదినం' అని రాసుకుంటారు. ఏడాది చివర్లో లెక్క. మొదటి ఏళ్లలో కొంచెం గింజలు, చేతికి చిల్లర. ఇల్లు గడిచింది ఆ పెరడు, ఆ ఒక్క ఆవు మీదే.

యాంకర్: సైబీరియా వెళ్లినవాళ్లు?

అధ్యాపకురాలు: స్టాలిన్ పోయాక, 1950ల రెండో సగంలో చాలామంది తిరిగొచ్చారు. ఇంట్లో వేరేవాళ్లున్నారు. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చాక పాత హక్కుదార్ల వారసులకు భూములు తిరిగిచ్చారు.

రైతు: వారసుడికి నాగలి పట్టడం తెలుసా?

అధ్యాపకురాలు: చాలామంది అప్పటికే పట్నంలో ఉన్నారు. కౌలుకిచ్చినవాళ్లున్నారు, అమ్ముకున్నవాళ్లున్నారు.

రైతు: ఇది మాత్రం అచ్చం మా ఊరే.