లండన్‌లో ఇండియన్ రెస్టారెంట్: ఒక టేబుల్‌కి ఐదు స్టార్లు, పక్క టేబుల్‌కి ఒకటి

[తెర మీద: పేరు కనపడకుండా చేసిన ఒక రెస్టారెంట్ పేజీ. పైన ఐదు స్టార్ల రివ్యూ, దాని కిందే ఒక స్టార్ రివ్యూ.]

నమస్కారం అండీ. లండన్‌లో ఏ ఇండియన్ రెస్టారెంట్ పేరైనా కొట్టి రివ్యూలు చూడండి. చాలా ఏళ్లుగా వస్తున్నాం, ఇంతకంటే మంచి కర్రీ ఈ చుట్టుపక్కల లేదని ఒకరు రాస్తారు. దాని కిందే మన ఇంటిపేరు ఉన్నాయన ఇంకొకరు, ఇది బిర్యానీ కాదు, కలిపిన అన్నంలో చికెన్ ముక్కలు వేశారని తిట్టి పోతారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇద్దరూ ఒకే శనివారం రాత్రి, ఒకే వంటవాడు చేసింది తిన్నా ఆశ్చర్యం లేదు.

అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, ఎక్కడికి తీసుకెళ్లమంటారు అని కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. పేర్ల లిస్టు ఇవ్వడం తేలికే. కానీ రివ్యూ వెనక ఏం జరిగిందో తెలిస్తే మీ హోటల్ మీరే ఎంచుకోగలరు. ముందు వంటగదిలోకి వెళ్దాం.

[తెర మీద: పెద్ద స్టీలు గిన్నెలో మరుగుతున్న ఉల్లిపాయ గ్రేవీ.]

లండన్‌లో ఇండియన్ రెస్టారెంట్ కథ 1810లో మొదలైంది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర హిందూస్తానీ కాఫీ హౌస్ తెరిచారు. కూరలు, హుక్కా, అన్నీ ఉండేవి. రెండేళ్లకే దివాలా తీశారు. తర్వాత 1926లో రీజెంట్ స్ట్రీట్‌లో వీరస్వామి వచ్చింది. పేరు చూసి ఎవరో మన దక్షిణాదివారు పెట్టారనుకుంటాం. కానీ పెట్టింది ఎడ్వర్డ్ పామర్ అనే ఆంగ్లో ఇండియన్.

అయితే ఈ దేశంలో వీధి వీధికీ ఇండియన్ రెస్టారెంట్‌ని తీసుకెళ్లింది వీళ్లెవరూ కాదు, సిల్హెట్ వాళ్లు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది ఆ ప్రాంతం. ఓడల్లో పనిచేయడానికి వచ్చి, లండన్ రేవుల్లో దిగిపోయి, వంటిళ్లలో చేరి, మెల్లగా సొంత హోటళ్లు పెట్టుకున్నారు. బోర్డు మీద తాజ్ మహల్, రాజ్, బాంబే అని ఉన్నా లోపల ఓనరు, వంటవాళ్లు ఎక్కువగా వాళ్లే. వాళ్లు ఇంట్లో తినేది చేపల పులుసు, అన్నం. హోటల్లో అమ్మేది వేరు. అది ఇంగ్లిష్ కస్టమర్ కోసం, పబ్ మూసేశాక ఆకలితో వచ్చే మనిషి కోసం, దశాబ్దాల పాటు సరిచేసుకుంటూ తయారుచేసిన వంట.

ఆ వంటకి పునాది ఒకే ఒక గ్రేవీ. బస్తాల కొద్దీ ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, కొంచెం క్యారెట్, క్యాప్సికం, టమాటా, నూనె వేసి గంటల తరబడి ఉడికించి మెత్తగా రుబ్బుతారు. చికెన్, మటన్ ముందే ఉడికి పక్కన ఉంటాయి. పసుపు, జీలకర్ర, ధనియాలు, కర్రీ పౌడర్ కలిపిన మసాలా ఒక డబ్బాలో రెడీగా ఉంటుంది. ఆర్డర్ రాగానే పెద్ద మంట మీద చిన్న పెనం పెట్టి, మసాలా వేయించి, గరిటెతో ఆ గ్రేవీ పోసి, ముక్కలు వేసి దింపేస్తారు. ఐదు, ఏడు నిమిషాల పని. అదే గ్రేవీకి కొబ్బరి, క్రీమ్, చక్కెర పడితే కోర్మా. కారం, నిమ్మరసం పడితే మద్రాస్. ఇంకా కారం గుప్పిస్తే వింధాలూ. గోవాలో పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిన వింధాలూ వెనిగర్, వెల్లుల్లితో చేసే పంది మాంసం కూర, ఇక్కడేమో అది కారానికి ఒక మెట్టు. మద్రాస్ కర్రీ అని చెన్నైలో అడిగితే ఎవరికీ అర్థం కాదు.

మెనూలో ఎనభై కూరలు ఉండి పది నిమిషాల్లో టేబుల్ మీదికి ఎలా వస్తాయో ఇప్పుడు తెలిసింది కదా. అన్ని కూరలూ ఒకేలా ఉన్నాయన్న ఒక స్టార్ రివ్యూ ఎక్కడి నుంచి వస్తుందో కూడా. ఇంగ్లిష్ కస్టమర్‌కి ఇది చిన్నప్పటి నుంచి శుక్రవారం రాత్రి రుచి. వాళ్లు దీన్ని ఇండియాతో పోల్చరు, పోయిన వారం తిన్నదానితో పోలుస్తారు. 2001లో అప్పటి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని బ్రిటన్ జాతీయ వంటకం అన్నారంటే ఊరికే అనలేదు.

నా మటుకు, ఈ వంటని నకిలీ అనడం నాకు నచ్చదు. మన హైదరాబాద్ చైనీస్‌ని తిడతామా? చికెన్ మంచూరియాకి చైనాలో ఊరే లేదు, మనం లొట్టలేసుకుని తింటాం.

[తెర మీద: బిర్యానీ ప్లేటు, పక్కన చిన్న గిన్నెలో వెజిటబుల్ కర్రీ.]

ఇక బిర్యానీ దగ్గరికి వద్దాం. మనవాళ్ల ఒక స్టార్లలో చాలావరకు ఇక్కడివే. ఈ పాత తరహా కర్రీ హౌస్‌లో దమ్ ఉండదు. ముందే వండిన పులావ్ రైస్‌ని పెనం మీద మసాలా, ముక్కలతో కలిపి వేయించి, పక్కన వెజిటబుల్ కర్రీ ఇస్తారు. మిర్చి కా సాలన్ అడిగితే వెయిటర్ మన ముఖం చూస్తాడు. వాళ్లు మోసం చేయలేదు, వాళ్ల బిర్యానీ అంతే. మన బిర్యానీ కావాలంటే లండన్‌లోనే ఈస్ట్ హామ్, హౌన్స్‌లో అనే ప్రాంతాల వైపు వెళ్లాలి. మన విద్యార్థులు, ఐటీ వాళ్లు ఉండే చోట్ల ఇప్పుడు గోంగూర మటన్, నాటుకోడి, దమ్ బిర్యానీ అన్నీ దొరుకుతున్నాయి.

అక్కడ కూడా రివ్యూలు కలగాపులగమే, తలకిందులుగా అంతే. ఆంధ్రా చికెన్ తిని నోరు మండిపోయిందని ఇంగ్లిష్ ఆవిడ ఒక స్టార్ ఇస్తుంది. ప్యారడైజ్ రుచి రాలేదని సికింద్రాబాద్ అబ్బాయి రెండు ఇస్తాడు. ఇల్లు గుర్తొచ్చింది అని విజయవాడ అమ్మాయి ఐదు ఇస్తుంది, ఆమె ఊరొదిలి రెండేళ్లయి ఉంటుంది.

కారం విషయంలో ఇంకో తమాషా ఉంది. మీడియమ్ అంటే ఎంత? వెయిటర్‌కి తెలియదు, మన ముఖం చూసి లెక్కేస్తాడు. మన టేబుల్‌కి కారం పెంచి, ఇంగ్లిష్ స్నేహితుడికి తగ్గించి పంపడం చాలాచోట్ల మామూలే. అమ్మానాన్న కారం తగ్గించి తినేవాళ్లైతే నోరు తెరిచి చెప్పాలి. ఎక్కువ కావాలన్నా అంతే. చెప్పకుండా వచ్చేసి రాత్రి పదకొండుకి రివ్యూ రాస్తే వంటవాడికి అది ఉపయోగపడదు.

[తెర మీద: తందూర్‌లో నాన్ అంటిస్తున్న చేయి. పక్కన ప్రింటర్ నుంచి వరసగా వస్తున్న ఆర్డర్ చీటీలు.]

ఇప్పుడు రోజు, టైమ్. ఇది చాలామంది పట్టించుకోరు. మంగళవారం ఏడింటికి తిన్నవాడు, శనివారం ఎనిమిదిన్నరకి తిన్నవాడు రాసేది ఒకే హోటల్ గురించి కాదు. నాన్ కాలడానికి ఒకటి రెండు నిమిషాలే పడుతుంది, కానీ తందూర్ ఒక్కటే, దాని గోడకి ఒక్కసారి పట్టేవి కొన్నే. టిక్కా కూడా అందులోనే కాలాలి. హాల్లో నలభై మంది కూర్చుని ఉండగా డెలివరీ యాప్ చీటీలు అదే ప్రింటర్‌లో వచ్చి పడుతుంటాయి. హాల్ సగం ఖాళీగా ఉన్నా కూర ముప్పావు గంట ఆలస్యమైందంటే, ఆ సగం మనుషులు సోఫాలో కూర్చుని ఆర్డర్ పెట్టారన్నమాట. వాళ్లకీ తడిసిన నాన్ చేరుతుంది, వాళ్లూ రాస్తారు. డబ్బాలో వచ్చిన తిండి మీద రివ్యూ, టేబుల్ మీద తిన్నదాని రివ్యూ అన్నీ కలిసి ఒకే సగటులో పడిపోతాయి. మీరు కూర్చుని తినబోతుంటే డెలివరీ రివ్యూలు చదవకుండా దాటేయండి.

మధ్యాహ్నం బఫే ఇంకో కథ. వేడిగా పెట్టే తిండిని 63 డిగ్రీల సెల్సియస్ కంటే పైన ఉంచాలని ఇక్కడి రూలు. అంత వేడిలో గంటసేపు ఉన్న పాలక్ పనీర్ రంగు మారి చిక్కబడుతుంది. బఫే తెరిచిన పది నిమిషాలకి వెళ్లినవాళ్లు, రెండున్నరకి వెళ్లినవాళ్లు చెప్పేవి వేరుగా ఉంటాయి.

సరే, స్టార్ల సంగతి. బాగా నచ్చినవాళ్లు, బాగా కోపమొచ్చినవాళ్లే రాస్తారు. పర్లేదు అనుకున్నవాళ్లు కోటు వేసుకుని ఇంటికి పోతారు. అందుకే రివ్యూలు రెండు చివర్లకి గుమిగూడుతాయి, మధ్యలో ఉండే సగటు ఎవరి అనుభవమూ కాదు. హోటల్‌వాళ్లకి మాత్రం ఆ సగటే టెన్షన్. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైకేల్ లూకా 2011లో సియాటెల్ హోటళ్ల మీద చేసిన అధ్యయనంలో, యెల్ప్ అనే రివ్యూ సైట్‌లో ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేలింది. అదీ పెద్ద చైన్‌లకి కాదు, సొంతంగా నడిపే చిన్న హోటళ్లకే.

అంత డబ్బు ఉన్నచోట మోసమూ ఉంటుంది. 2017 నవంబర్‌లో ట్రిప్‌అడ్వైజర్‌లో లండన్ నంబర్ వన్ రెస్టారెంట్ ఏది? ద షెడ్ ఎట్ డలిచ్. అలాంటి రెస్టారెంటే లేదు! ఊబా బట్లర్ అనే రచయిత తన పెరట్లో ఉన్న షెడ్డుకి పేజీ తెరిచి, షేవింగ్ ఫోమ్‌తో వంటకాల్లా ఫొటోలు తీసి, స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. చివరికి ఒక్క రాత్రి నిజంగానే తెరిచి సూపర్‌మార్కెట్‌లో కొన్న రెడీమేడ్ భోజనం వేడిచేసి పెడితే, మళ్లీ బుక్ చేసుకోవచ్చా అని అడిగినవాళ్లున్నారు. దొంగ రివ్యూల మీద ఇక్కడ కొత్త చట్టం 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఉచితంగా మ్యాంగో లస్సీ ఇస్తాం, ఐదు స్టార్లు కొట్టండి అనే కార్డు టేబుల్ మీద కనపడితే మాత్రం ఆ హోటల్ స్టార్లని నేను సగానికి సగం తీసేసి చూస్తాను.

[తెర మీద: తలుపు మీద ఆకుపచ్చ, నలుపు రంగుల్లో హైజీన్ రేటింగ్ స్టిక్కర్.]

కస్టమర్ల అభిప్రాయాలతో పని లేనివి రెండున్నాయి. ఒకటి ఈ స్టిక్కర్. స్థానిక కౌన్సిల్ అధికారులు వంటగది చూసి సున్నా నుంచి ఐదు వరకు ఇచ్చే మార్కు. రుచికి సంబంధం లేదు, శుభ్రతకే. వేల్స్‌లో, నార్తర్న్ ఐర్లండ్‌లో దాన్ని అతికించి తీరాలి. ఇంగ్లండ్‌లో మాత్రం తప్పనిసరి కాదు, అందుకే ఒకటో రెండో వచ్చినవాళ్లు లండన్‌లో తలుపు ఖాళీగా వదిలేయొచ్చు. ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్‌లో పేరు కొడితే మార్కు బయటపడుతుంది. అరనిమిషం పని.

రెండోది అలర్జీ. ఇందులో కలగాపులగం అనుభవం అన్న మాటే ఉండకూడదు. 2014 జనవరిలో నార్త్ యార్క్‌షైర్‌లో ఒక కస్టమర్, పల్లీలు పడవని ముందే చెప్పి చికెన్ టిక్కా మసాలా పార్సిల్ తెచ్చుకుని తిని చనిపోయాడు. ఖర్చు తగ్గుతుందని ఓనరు బాదం పొడి బదులు పల్లీ కలిసిన పొడి వాడించాడు. 2016లో ఆయనకి కోర్టు ఆరేళ్ల జైలు వేసింది. 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏది ఏ వంటకంలో ఉందో చెప్పడం హోటల్ బాధ్యత. జీడిపప్పు ఉందా అంటే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయే వెయిటర్‌ని నమ్మకండి, లోపల కనుక్కుని రమ్మనండి. ఇలాంటి ఫిర్యాదు ఒక్క రివ్యూలో ఉన్నా, మిగతావన్నీ ఐదు స్టార్లైనా, నేను ఆ గుమ్మం ఎక్కను.

[తెర మీద: బిల్లు. ఒక్కో లైను మీద గుండ్రంగా గీత.]

చివరగా బిల్లు. తిండి నచ్చినా బిల్లు చూసి కోపం తెచ్చుకున్న రివ్యూలు బోలెడు. కూర్చోగానే అప్పడాలు, చట్నీల ట్రే తెచ్చి పెడతారు. మన ఊళ్లో ఉల్లిపాయ, నిమ్మకాయ అడిగితే ఊరికే ఇచ్చినట్టు ఇదీ ఇచ్చారనుకుంటాం. అప్పడానికొక రేటు, చట్నీ ట్రేకి మనిషికొక రేటు. వద్దంటే తీసుకెళ్తారు. కూరతో అన్నం రాదు, అది విడిగా కొనాలి. నీళ్లడిగితే స్టిల్లా, స్పార్క్‌లింగా అంటారు. రెండూ కాదు, ట్యాప్ వాటర్ అనండి. మద్యం లైసెన్స్ ఉన్న హోటల్ అడిగినవాళ్లకి దాన్ని ఉచితంగా ఇవ్వాలి.

అడుగున ఉండేది సర్వీస్ ఛార్జి. లండన్‌లో మామూలుగా 12.5 శాతం. దాని పక్కన డిస్క్రిషనరీ అని చిన్న అక్షరాల్లో ఉంటే, ఇవ్వడం మానడం మన ఇష్టం. సర్వీస్ బాగాలేదు, తీసేయండి అని మర్యాదగా అడిగితే తీసేస్తారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. బాగుంటే ఉంచండి. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఆ డబ్బు కోత లేకుండా పనివాళ్లకే చేరాలి. కాకపోతే కార్డు పెట్టే ముందు బిల్లు ఒకసారి చూసుకోండి. సర్వీస్ ఛార్జి అందులో ఇప్పటికే ఉండగా మెషీన్ మళ్లీ టిప్ ఎంత అని అడుగుతుంటే, నో అని నొక్కేయండి.