నూనె తొడుక్కున్న ఉప్పు

(తెర మీద: గాజు సీసాలో చిక్కటి, రంగులేని ద్రవం)

ఈ సీసాలో ఉన్నది ఉప్పు. నీళ్లలో కలిపింది కాదు, ఉత్త ఉప్పే, గది వేడికే ఇలా ద్రవంగా ఉంది. మామూలు ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి, మరి ఇదెలా? దీని అయాన్లు, అంటే చార్జ్ ఉన్న కణాలు, పెద్దవి, వంకరటింకరవి, పక్కపక్కన కుదురుగా సర్దుకోలేవు. ఇలాంటి ఉప్పులనే అయానిక్ లిక్విడ్స్ అంటారు. 1914లోనే పాల్ వాల్డెన్ అనే రసాయన శాస్త్రవేత్త 12 డిగ్రీలకే కరిగే ఉప్పు గురించి రాశాడు. చరిత్ర చాలు, ఈ ద్రవం పైపొరలో ఏముంటుందో చూద్దాం.

(తెర మీద: ఉంగరం, దానికో తోక)

ఇది ఇమిడజోలియం అనే పాజిటివ్ అయాన్. చార్జ్ చాలావరకు ఉంగరంలోనే ఉంటుంది, తోక మాత్రం కార్బన్ గొలుసు, అచ్చం నూనె బాపతు. ద్రవం లోపల ఉన్నంతసేపూ ఉంగరం చుట్టూ నెగటివ్ అయాన్లు ఉంటాయి, అదే అంచుకి వచ్చిందనుకోండి, పైవైపు పట్టుకోవడానికి ఎవరూ ఉండరు, చార్జ్ ఉన్నదానికి అది పెద్ద నష్టం. తోకకి అంత నష్టం లేదు. అందుకే తోకలు బయటికి, ఉంగరాలూ నెగటివ్ అయాన్లూ వాటి కింద.

దీన్ని కొలిచిన తీరు నాకు భలే ఇష్టం. ఈ ద్రవాలు వ్యాక్యూమ్‌లో పెట్టినా దాదాపు ఆవిరవ్వవు, కాబట్టి ఎక్స్-రే కొట్టి బయటికొచ్చే ఎలక్ట్రాన్లని పట్టుకోవచ్చు. నిటారుగా వచ్చేవి 7 నుంచి 9 నానోమీటర్ల లోతు దాకా కబురు తెస్తాయి, నిటారు నుంచి 80 డిగ్రీలు ఏటవాలుగా వచ్చేవి పైనున్న ఒకటి, ఒకటిన్నర నానోమీటర్ల సంగతే చెబుతాయి. ఎనిమిది కార్బన్ల తోక ఉంటే, ఏటవాలులో తోక కార్బన్ సిగ్నల్ పెరుగుతుంది, ఉంగరంలోని నైట్రోజన్ సిగ్నల్ తగ్గుతుంది. తోక మరీ పొట్టిదైతే తేడా పెద్దగా కనపడదు.

కోణం మార్చడానికి నమూనాని వంచితే ఏమవుతుంది? ద్రవం కదా, కారిపోతుంది! జర్మనీలోని ఎర్లాంగెన్ యూనివర్సిటీ వాళ్లు ద్రవాన్ని కదపకుండా, రెండు కోణాల్లో రెండు ఎనలైజర్లు, అంటే ఎలక్ట్రాన్లని పట్టే పరికరాలు, బిగించారు.

తలతన్యతలోనూ, అంటే ద్రవం పైపొర బిగుతులోనూ, ఇదే కనిపిస్తుంది. నీటిది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, తోక పొడుగయ్యేకొద్దీ వీటిది 30 దగ్గరికి దిగుతుంది, అంటే నూనెల వైపు.

(తెర మీద: మైకా రేకు, పైన సూదిమొన)

ఇదంతా గాలివైపు అంచు. అదే ద్రవం మైకా (అభ్రకం) మీద ఉంటే, ఆ రేకుని తాకే అంచు దగ్గర కథ వేరు. మైకాకి నెగటివ్ చార్జ్, కాబట్టి ముందు పాజిటివ్ అయాన్లు అంటుకుంటాయి, తర్వాత నెగటివ్‌వి, అలా పొరలు. సూదిమొనతో తడిమి చూసే మైక్రోస్కోప్ ఉంటుంది, దాని సూదితో పైనుంచి నొక్కితే మెత్తగా దిగదు, మెట్టు మెట్టుగా, ఒక్కో పొర చీల్చుకుంటూ దిగుతుంది.